మూతి తిరిగిన ఒట్టు

నేను ఒక బుగ్గ కండను. కంసాలి మౌనాచారి కుడి బుగ్గలో, పై దవడకూ కింది దవడకూ మధ్య పలచగా పరుచుకుని, పెదవి మూల దగ్గర ముగుస్తాను. అతను అన్నం నములుతుంటే మెతుకును పళ్ల కిందికి తోస్తాను. అది చిన్న పని. ఊదుగొట్టం నోట పెట్టినప్పుడు చూడాలి నన్ను. అతను ముక్కుతో గాలి పీల్చుకునే లోపల, నోట్లో దాచిన గాలిని నేను నొక్కి పంపుతాను. దీపం మంట నగ మీద తెగకుండా నిలుస్తుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తెగనివ్వలేదు.

కామందు చెంచయ్య అతుకు వెయ్యమని గొలుసిచ్చాడు. పట్టుకెళ్లిన మర్నాడే, "రాగి కలిపావు కదరా ఆచారీ!" అని వీధిలో అరిచాడు. మౌనాచారి పోలేరమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి, "కలిపుంటే నా నోరు పడిపోవాల" అన్నాడు.

మూడోనాటి పొద్దున, పుక్కిలించిన నీళ్లు కుడి మూల నుంచి కారిపోయాయి. నాకు కబురు తెచ్చే నరం చెవి వెనక వాచింది. కబురు రానిదే నేను కదలలేను. కన్ను మూతపడలేదు. మూతి ఎడమకు లాగేసింది.

"చూశారా, అమ్మ మూతి తిప్పేసింది!" అంది ఊరు.

పట్నం డాక్టరు, "ఇది నరం జబ్బయ్యా. ఒట్టుకూ దీనికీ సంబంధం లేదు. మూడు నాలుగు నెలల్లో సర్దుకుంటుంది" అన్నాడు. చెబితే నమ్మేదెవరని మౌనాచారి ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కుంపటి చల్లారింది. బంగారం తెచ్చేవాళ్లు గుమ్మం తొక్కడం మానేశారు. బుగ్గలో ఇరుక్కున్న మెతుకుల్ని అతను వేలితో తీసుకుంటుంటే నేను ఉడికిపోయాను. నా మనిషి మీద నన్నే దొంగ సాక్ష్యానికి నిలబెట్టారు. చెంచయ్యా, నీ పని చెబుతానుండు అనుకున్నాను.

పదకొండో వారం చిన్నగా అదిరాను. మరో నెలకు మూతి తిన్నబడింది.

మౌనాచారి ఊరందర్నీ గుడి దగ్గరికి పిలిచాడు. దీపం ముందు ఊదుగొట్టం పట్టి, మంటను చాలాసేపు నిలబెట్టి, అప్పుడన్నాడు:

"మూతి తిరిగితే అబద్ధమన్నారు. మరి తిన్నబడిందిగా, ఇదేమంటారు?"

"అమ్మ తప్పు దిద్దుకుందిరా" అంది ముసలి నాగులమ్మ.

"అట్టయితే చెంచయ్యగారూ, మీరిచ్చింది మేలిమేనని ఇప్పుడు మీరు పెట్టండి ఒట్టు."

చెంచయ్య బుగ్గలోనూ నావంటి కండే ఉంది. అది గడగడా వణికింది. "ఎండెక్కింది, తర్వాత చూద్దాం లే" అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

కుంపటి మళ్లీ రాజుకుంది. చెంచయ్య మాత్రం ఈనాటికీ పొద్దున్నే నీళ్లు పుక్కిలించి, కారాయేమోనని పెదవి మూల తడుముకుంటాడట. డాక్టరు చెప్పింది ఆయనకు తెలియదు. ఒకరోజు జాలిపడి మౌనాచారి చెప్పబోయాడు. నేను పెదవి మూల బిగించేశాను.

గాలి బిగబట్టడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు.