వానలకు ముందు, తమ చేతులతో

పుంగనూరులో బస్సెక్కినప్పటి నుంచి రేఖ ఒళ్లో సంచి వదల్లేదు. పక్కసీట్లో దొడ్డమ్మ, కుడిచేతికి పిండికట్టు. దొడ్డమ్మంటే పెదనాన్న భార్య; తల్లి పోయాక రేఖను పెంచింది ఆమే. పదకొండింటికి మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో విచారణ ఉంది. అక్కడ తేలాల్సింది ఒక్కటే: ఇంట్లో ఉన్న పద్నాలుగు ఆవులకు ఇకమీదట నీళ్లుంటాయా, ఉండవా.

గుట్టకింది ఊటగుంటలో వాళ్ల పశువులు నాలుగు తరాలుగా నీళ్లు తాగుతున్నాయి. ఎండాకాలం చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క దొరకదు. ఏప్రిల్లో ఆ నేల కొన్న జయచంద్ర జూన్ రాగానే కంచె వేసి, గేటుకు తాళం బిగించాడు. ఇదేమప్పా అంటే, హక్కుంటే కాగితం చూపించమన్నాడు. దొడ్డమ్మ చూపించింది. ట్రంకుపెట్టె అడుగున దాచిన జమీందారీ కాలపు అనుమతి పత్రం అది, ముత్తాత మునియప్ప పేరు మీద, ఇంగ్లీషులో. అతను ఒప్పుకోక గొడవ పైదాకా పోయింది; మొదటి విచారణలో సబ్ కలెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పారు. రెండో పేజీ తనకూ కొరుకుడు పడటం లేదని, ఇంగ్లీషు టీచరే కదా, తెలుగులో రాసి తెమ్మని రేఖకే అప్పజెప్పారు. జయచంద్ర లాయరూ సరేనన్నాడు.

రేఖ నిమ్మనపల్లె బడిలో పదేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది. అయినా ఆ పేజీ ముందు తల ప్రాణం తోకకొచ్చింది. ‘లీవ్’ అని ఉంది. మునియప్పకు ఎవరు సెలవిచ్చారు? ‘కైన్’ అనే మాట ఆమె పుట్టి బుద్ధెరిగి విన్లేదు. ‘సఫర్’ అంటే బాధపడటం కదా, మరి ఊట పూడిపోతే మునియప్ప బాధపడకూడదని రాయడమేమిటి, చోద్యం కాకపోతే? మూడురోజులు కుస్తీ పట్టి, చివరికి కుప్పం వెళ్లింది, తనకు ఎం.ఏ. చెప్పిన మునిరత్నం సారు దగ్గరికి.

ఈ కాలపు అర్థం తీసుకుపోయి ఆ కాలపు మాటకు తగిలిస్తే ఎలాగమ్మా అని ఆయన మెత్తగానే చీవాట్లు పెట్టారు. లీవ్ అంటే అనుమతి. కైన్ అంటే ఆవులు. సఫర్ అంటే ఆ రోజుల్లో జరగనివ్వడం అని కూడా. ‘ఎర్ ద రెయిన్స్’ అంటే వానలకు ముందు. ‘ఇన్ డిఫాల్ట్ వేరాఫ్’ అంటే, అలా చేయకపోతే. రైలుపెట్టెల వరసంత ఉన్న వాక్యాన్ని పెన్సిలుతో ముక్కలు చేసి, ఏ మాట దేన్ని పట్టుకుని ఉందో గీతలు గీసి చూపారు. ముక్కలన్నీ కలిపి రేఖ పైకి చదివింది.

మునియప్పా అతని ఇంటివాళ్లూ ఊటను పూడిపోనివ్వకూడదు. ఏటా వానలకు ముందు తమ చేతులతోనే పూడిక తీయాలి. తీయకపోతే ఈ అనుమతి చెల్లదు.

దొడ్డమ్మ ప్రతి వేసవీ చీర ఎగదోపి గుంటలోకి ఎందుకు దిగేదో అప్పుడర్థమైంది. ఎందుకని అడిగితే, అత్త చేసింది, నేను చేస్తాండా అనేది, అంతే. ఈ ఏడు మాత్రం రేఖే ఊరుకోలేదు. మోకాళ్లు అరిగిపోయిన మనిషివి, గుంటలో దిగావంటే మాట్లాడనని దబాయించి, మే పదహారున జేసీబీ పిలిపించింది. గంటలో పనైపోయింది. ఎంత మురిసిపోయిందో ఆరోజు, పిచ్చిది.

సారుకు ఆ సంగతీ చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి, “మాటకు అర్థం నేను చెప్తానమ్మా. ఏం రాయాల్నో నీ ఇష్టం,” అన్నారు.

అందుకే ఇప్పుడామె సంచిలో కాగితాలు రెండున్నాయి. ఒకదాంట్లో ఉన్నది ఉన్నట్టు. రెండోదాంట్లో ‘తమ చేతులతో’ లేదు. ఆ రెండు మాటలు లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆవులకైతే తెలియదు.

పదకొండింటికి ఆఫీసులో, కాగితం కోసం సబ్ కలెక్టరు చెయ్యి చాచారు. రేఖ సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్లకు రెండు కాగితాలూ తగిలాయి. తప్పుడు అర్థం రాసిన పిల్లల నోట్సు మీద ఎర్రగీతలు గీసే చెయ్యి అది. కొరివితో తల గోక్కుంటున్నానని తెలిసే మొదటిది తీసి ఇచ్చింది.

ఆయన పైకి చదవగానే జయచంద్ర లేచాడు. “ఈ ఏడు పూడిక తీసింది జేసీబీ సార్. నేను కండ్లారా సూసినా.”

ఆయన రేఖ వైపు చూశారు.

“అవును సార్. నేనే పిలిపించినా.”

ఆ కాగితం భాష అంతుపట్టక, ఏమంటాండారని దొడ్డమ్మ మోచేత్తో పొడిచింది. రేఖ అంతా చెప్పింది, మన తప్పే, కాదు, నా తప్పే అంది. దొడ్డమ్మ కాసేపు కట్టు వైపు చూసుకుని లేచి నిలబడింది.

“మిషను నడిమద్దెలో గోకిపాయ సార్. రాళ్ల సందుల్లో ఊటకండ్లు అట్లే మూసుకోనుండాయి. మర్నాడు తెల్లారి నేనే దిగినా. ఈ చెయ్యి యాడ ఇరిగిందనుకున్నారు?”

“కొట్టంలో జారినానంటివే!” అంది రేఖ.

“నువ్వు తిడతావని.”

సాక్ష్యం చెప్పను కట్టుకు నోరుంటే బాగుండునని జయచంద్ర నవ్వాడు. సబ్ కలెక్టరు నవ్వలేదు. ఆసుపత్రి చీటీ ఉందా అనడిగారు. ఉంది. విచారణ కాగానే కట్టు విప్పించాలని రేఖే సంచిలో పెట్టుకొచ్చింది. ఆయన చీటీని వెలుతురుకు పట్టి, డాక్టరు గిలుకుడును కూడబలుక్కుంటూ చదివారు: మే పదిహేడు. ఊటగుంటలో చేతులతో బురద తోడుతూ జారిపడినట్టు రోగి చెప్పారు.

ఈ ఏడు తొలివాన పడింది మే ఇరవైఆరున. ఆయన అదీ రాసుకుని, చివరి తీర్పు వచ్చేదాకా గేటు తాళం తీసి ఉంచమని జయచంద్రకు చెప్పారు.

బయటికొచ్చి రేఖ మెట్లమీద కూలబడింది. నూరేళ్లనాటి వాక్యం కోసం కుప్పం దాకా పరిగెత్తింది. నలభై రోజులుగా బీరువాలో ఉన్న చీటీలో, తనను పెంచిన మనిషి గురించి రాసిన ఒక్క లైను మాత్రం చదవలేదు. సిగ్గుతో, కోపంతో, ప్రేమతో ఏడుపొచ్చింది, ఏడ్చింది.

దొడ్డమ్మ ఎడమచేత్తో ఆమె తల నిమిరింది. “యాల ఏడ్చేది? తాళం తీస్తాడు కదా.”

“వచ్చే ఏడు నేను దిగుతా.”

“దిగుదువులే. ముందు ఈ కట్టు ఇప్పించు, దురద సంపుతాంది.”