చిన్నదాని కాగితం

"చిటికెలో అయిపోయే పని. సెలవురోజు పిల్లలతో కాసేపు కూర్చోవడానికి కూడా తీరిక లేదంటే ఎలా?" అంటూ మా ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో ఒకావిడ దళసరి కాగితాన్ని మధ్యకు మడిచి, విప్పి, ఒక సగం మీద చెంచాతో రంగు చుక్కలు వేసి, మళ్ళీ మడిచి అరచేత్తో రుద్దింది. విప్పితే సీతాకోకచిలుక. ఆవిడ చుట్టూ తోమాల్సిన గిన్నెలు లేవు, మడతపెట్టాల్సిన బట్టలు లేవు, ఆవిడని పిలిచేవాళ్ళు కూడా లేరు.

చిటికె అంటే ఏమిటో నేను చెప్తాను. వంటింటి పక్క గదిలో నేలంతా పాత పేపర్లు పరచాలి. మరకైనా పరవాలేదనిపించే చొక్కాలు వెతికి పిల్లలకు తొడగాలి. రంగు పలచనైతే కారిపోతుంది, చిక్కనైతే అంటుకోదు, కాబట్టి కలిపి చూడాలి. "నేల మీద పడితే మరకలు పోవమ్మా" అని అత్తయ్య హాల్లో టీవీ ముందు నుంచి గుర్తుచేస్తూ ఉంటే, "తుడిచేస్తాను అత్తయ్యా" అంటూ ఉండాలి. తర్వాత చెంచాలు కడగడం, చొక్కాలు నానబెట్టడం ఎలాగూ ఉన్నాయి. సరదా వీటన్నిటి మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

పెద్దాడికి ఓపిక తక్కువ. గబగబా చుక్కలు వేసి కాగితాన్ని చెల్లెలి వైపు తోసేస్తున్నాడు. అది మడత దగ్గర మొదలుపెట్టి అంచుల దాకా మెల్లగా రుద్ది, చిరగకుండా విప్పి, గోడవారన ఆరబెడుతోంది. చెంచాలు ముంచే నీళ్ళు మురికైతే వాడు అడగకముందే మార్చి తెస్తోంది. మా ఆయన తొంగిచూసి, "శభాష్ రా, ఇవన్నీ నువ్వే వేశావా?" అని కొడుకు వీపు తట్టాడు. "చెల్లి చెయ్యి పడితేనే బాగా వస్తున్నాయి నాన్నా" అన్నాడు వాడు ఉదారంగా. చిన్నది మురిసిపోయింది.

చెయ్యి పడితేనే అన్న మాట నాకు కొత్త కాదు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు కోసి పంచేది నేనే. "మీ చెయ్యి పడితేనే అందరికీ సమానంగా వస్తుందండీ" అంటారు. ఆ సెక్షన్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నేనని మాత్రం ఎవరూ అనరు. అందరికీ ఇచ్చి నా సీటుకు వచ్చేసరికి, వాళ్ళు తినేసి, నవ్వుకునేదేదో నవ్వుకుని, ఎవరి పనిలో వాళ్ళు పడిపోయి ఉంటారు. ఆ ప్లేటు ముందు కూర్చున్నప్పుడు నేనెంత ఒంటరినో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే "కేకు పంచడం కూడా కష్టమేనా?" అంటారు. కష్టమేమీ కాదు. ఏడుపు రావడానికి కష్టమే ఉండాలా ఏమిటి?

"నువ్వు వెయ్యలేదేమే?" అని చిన్నదాన్ని అడిగాను.

"అన్నయ్య వేస్తున్నాడుగా."

"నీకు వెయ్యాలని లేదా?"

అది గోడవార ఆరుతున్న కాగితాల వంక చూసింది. "నేను వేస్తూ కూర్చుంటే ఇవన్నీ ఎవరు చూస్తారు?" అంది.

ఇవన్నీ ఎవరు చూస్తారు అన్న మాట నాది. రెండ్రోజులు వచ్చి ఉండమని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నేననే మాట, అక్షరం పొల్లుపోకుండా. పిల్ల నా వెనకే తిరుగుతూ చేతికి అందిస్తుంటే బంగారుతల్లి అని ముద్దుపెట్టుకున్నాను. ఈ ఇంట్లో నాకూ ఒక తోడు దొరికిందని లోలోపల సంతోషపడ్డాను. తోడు వస్తున్నది ఎక్కడికో చూసుకోలేదు.

కొత్త కాగితాలు రెండు తీసి, ఒకటి దాని ముందు, ఒకటి నా ముందు పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాను. సరిగ్గా అప్పుడే హాల్లోంచి "కాస్త టీ పెడతావా?" అన్నాడు మా ఆయన. నేను కదిలేలోపే చిన్నది లేచి నిలబడింది.

"నువ్వు వేసుకో అమ్మా. నేను పెడతాలే."

స్టవ్ కూడా అందని పిల్ల. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మేమిద్దరం బొమ్మలేసుకుంటున్నాం. టీ మీరే పెట్టుకోండి" అన్నాను, హాల్లోకి వినబడేలా. అత్తయ్య టీవీ సౌండ్ తగ్గించింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయమేసింది. ఇంత చిన్న మాటకా అని నాకే సిగ్గేసింది.

చిన్నది కూర్చుంది. చెంచా పట్టుకుని తెల్లకాగితం వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏం వెయ్యాలో నాకు తెలీట్లేదమ్మా" అంది చివరికి, ఏడుపు గొంతుతో.

"నాకూ తెలీట్లేదు" అన్నాను. "అయినా సరే, లేవకు."