ఇనుమును కలపాలా, తీసెయ్యాలా

జఫర్‌గఢ్ యాకమ్మది మంచి నోరే గానీ, ఆ నోటికి విశ్రాంతి తెలియదు. మానుకోటలో చెల్లెలి ఇంటికి పోయి, తడి గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానకు పోయే ఆటోలో కూడా గచ్చు కడిగిన పిల్లను దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఆ తిట్లన్నీ భయాన్ని కప్పిపెట్టుకోవడానికే. వాళ్ల వాడలో తుంటి విరిగిన ముసలమ్మ ఒకామె మంచమెక్కి మళ్లీ దిగలేదు. ఆ మంచం యాకమ్మ కళ్లలో మెదులుతూనే ఉంది. ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే స్ట్రెచర్ మీదనే చేతులు జోడించి సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. కట్టె సాయం లేకుండా నా కాళ్ల మీద నేను నడిస్తే మేడారంలో నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటానని. బంగారం అంటే బెల్లమే. ఆ తల్లుల ముందు బెల్లాన్ని బెల్లమనరు. మనిషి ఎంత బరువుంటే అంత తూచి సమర్పించాలి.

ఆపరేషనై కళ్లు తెరిస్తే పక్క మంచం మీద మరిపెడ బాలనర్సమ్మ. ఆమెదీ తుంటే, ఆమెదీ అదే మొక్కు. వదినె వరస కలుపుకోవడానికి ఇద్దరికీ ఒక పూట పట్టింది. పోట్లాడుకోవడానికి అంతసేపు కూడా పట్టలేదు.

గొడవ ఎక్స్‌రేలతో మొదలైంది. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే యాకమ్మ ఎముక లోపల నిలువునా ఒక రాడ్డు, బాలనర్సమ్మ ఎముక బయట ఒక పట్టీ, దానికి వరుసగా స్క్రూలు. చీర అంచులు పోల్చుకున్నట్టు ఇద్దరూ వాటిని పోల్చుకున్నారు. తలుపుకు బయటి గొళ్లెం కన్నా లోపలి గడియే గట్టిదని యాకమ్మ వాదన. ఒంటి రాడ్డు ఏం ఆపుతుంది, నాకు ఇన్ని స్క్రూలు బిగించారంటే డాక్టరమ్మకు నా మీదే ప్రేమా పావురం ఎక్కువని బాలనర్సమ్మ వాదన.

ఎముకల డాక్టరు హరిత రాగానే తీర్పు చెప్పమని పట్టుకున్నారు. ఆమె ఓపిగ్గా వివరించింది. బాలనర్సమ్మ ఎముక ముక్కలు కదలకుండా నిలకడగా విరిగింది గనక పట్టీ సరిపోయింది. యాకమ్మది కిందికి జారి ముక్కలుగా విరిగింది, లోపల రాడ్డుంటేనే ఆగుతుంది. నిలకడగా విరిగిన ఎముకలకైతే ఏది వేసినా పెద్ద తేడా లేదని, రెండింటినీ ఏండ్ల తరబడి పోల్చి చూసిన డాక్టర్లే తేల్చారు. "నడిచినోళ్ల ఇనుమే మంచి ఇనుము, అవ్వా" అని నవ్వి వెళ్లింది. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఆమె గడప దాటగానే మళ్లీ మొదలుపెట్టారు.

అయితే ఆ పోటీ వాళ్లను మంచం మీద పడుకోనివ్వలేదు. వాకర్ పట్టుకుని బాలనర్సమ్మ తలుపు దాకా పోతే, యాకమ్మ పళ్లు బిగబట్టి వరండా దాకా పోయింది. ఇళ్లకు చేరాక ఫోన్లలో నడక సాగింది. మాటల్లో అయితే బాలనర్సమ్మ రోజూ చెరువు గట్టు చుట్టివచ్చేది. యాకమ్మ కట్టెను కోళ్లను అదిలించడానికే ఉంచుకుంది.

నిజానికి యాకమ్మ చేతిని కట్టె వదలడం లేదు. కొడుకు సంపత్ ఎంత ధైర్యం చెప్పినా, చెయ్యి తీయగానే తడి గచ్చు కళ్ల ముందుకొచ్చేది. జాతర దగ్గరపడుతుంటే ఆమెకు తిండి సయించలేదు. మొక్కు చెల్లకుండా ఏ మొహం పెట్టుకుని తల్లుల ముందుకు పోవడం? పోకపోతే అదింకా పెద్ద తప్పు.

సంపత్ రెండు కుటుంబాలకూ కలిపి ఒక జీపు మాట్లాడాడు. ముందురోజే బాలనర్సమ్మ జఫర్‌గఢ్ వచ్చి దిగింది. ఆమె చేతిలోనూ కట్టె ఉంది. ఇద్దరూ ఒకరి కట్టె ఒకరు చూసుకుని, ఎవరి కట్టెను వాళ్లు కుచ్చిళ్ల వెనక్కి జరుపుకున్నారు.

మేడారం పొలిమేరల్లో బాలనర్సమ్మ నిప్పు రాజేసింది. మొక్కింది మన ఒంటి బరువు, ఇనుము మన ఒళ్లు కాదు, దాన్ని తీసేసి తూచాలని.

"తల్లుల దగ్గర తరుగు తీస్తవా వదినె? మార్కెట్ల సేటువా నువ్వు?" అంది యాకమ్మ.

ఇక జీపులో ఎవరికీ చెవులు మిగల్లేదు. అక్కడి రాజమౌళి బెల్లం దుకాణం ముందు బండి ఆగీ ఆగకముందే ఇద్దరూ దిగారు. చేతులు తిప్పుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తూ రోడ్డు దాటి నేరుగా తరాజు ముందుకు పోయి నిలబడ్డారు. ఏండ్లుగా మొక్కుల బెల్లం తూస్తున్న రాజమౌళికి ఇలాంటి లెక్క ఎన్నడూ తగల్లేదు. ఇనుమును కలపాలా, తీసెయ్యాలా? అతను తల గోక్కున్నాడు. వెనకాలే ఉరికొచ్చిన సంపత్ చేసేది లేక హరితకు వీడియో కాల్ కలిపి, ఫోన్ ఇద్దరి ముందు పట్టాడు.

సంగతి విని హరిత చాలాసేపు నవ్వింది. ఎవరి ఇనుమైనా ఒక్క బెల్లం ముక్క బరువుకు మించదంది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసి, ఫోన్లోంచే వాళ్లను పై నుంచి కింది దాకా చూసింది.

"అవ్వా, మీ కట్టెలేవి?"

ఇద్దరూ చేతులు చూసుకున్నారు. ఖాళీ చేతులు. కట్టెలు రోడ్డు అవతల, జీపు సీటు కింద ఉన్నాయి. యాకమ్మ నవ్వుతూనే ఏడ్చేసి పక్కకు ఒరిగింది. బాలనర్సమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఎవరిని ఎవరు ఆపుతున్నారో వాళ్లకే తెలియలేదు.

యాకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని తరాజు ఎక్కి కూర్చుంది. "ఇనుమును కలుపు నాయినా. నన్ను నిలవెట్టినదానికి బంగారం తక్కువ చేస్తనా?"

ఆమెతో పాటే ఇనుమూ తూగిందని తెలిసినా, రాజమౌళి ముల్లు సరిచూసి, రాడ్డు పేరున మరో ముక్క వేశాడు.

బాలనర్సమ్మ ఆ ముక్కను కళ్లతోనే తూచింది.

"నాది గూడ గట్లనే తూచు" అంది. "గామె ముక్క కన్న నా ముక్క జర పెద్దదుండాలె. నాకు స్క్రూలు గూడ ఉన్నయి."