ఒడిసెలక్క మళ్లీ ఒకటో నంబరు

కృష్ణకాంత్ గారు ఫోనులో "కంగ్రాచ్యులేషన్స్" అన్నారంటే నాకు పని పెరిగిందని అర్థం. ఆయన హైదరాబాదులో పిల్లల బొమ్మల పత్రిక నడుపుతారు. నేను సిరొంచలో మా అబ్బా, అదే మా నాన్న, నడిపే జిరాక్స్ దుకాణం వెనక గదిలో కూర్చుని, ఆ పత్రికకు నెలనెలా 'ఒడిసెలక్క' కథ రాసి బొమ్మలు గీస్తాను. మూడేళ్లుగా అదే నా లోకం.

"మన కథతో తీసిన టీవీ సీరియల్ సూపర్ హిట్టమ్మా హుమేరా! పిల్లలందరికీ ఇప్పుడు టీవీలోని ఒడిసెలక్కే తెలుసు. పుస్తకం తెరిస్తే వేరే మనిషి కనబడుతోంది. అందుకని రీబూట్ చేద్దాం. మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలు. అచ్చం టీవీలో ఉన్నట్టే ఉండాలి."

వేరే మనిషట! నా ఒడిసెలక్కకు యాభై దాటాయి. గోచీ పోసి చీర కడుతుంది. మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పి రాయి వదిలిందంటే దొంగల లారీ అద్దం పగలాల్సిందే. టీవీ ఆమెకు ఇరవై రెండు. నీలం రంగు సూటు, అడవిలో కూడా చెదరని లిప్‌స్టిక్. పైగా గాల్లో ఎగురుతుంది. ఎగరగలిగే మనిషికి రాళ్లెందుకో నాకిప్పటికీ తెలియదు.

"నేను గీయనంటే?" అన్నాను.

"అలా అనకమ్మా. హక్కులు మా దగ్గరే ఉన్నాయిగా. నువ్వు కాకపోతే ఇంకొకరు గీయాల్సి వస్తుంది. పది రోజులు టైముంది."

పత్రికలో నా పేరు వస్తుందన్న సంబరంలో హక్కులు రాసిచ్చే ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. తప్పు నాదే, కోపం మాత్రం ఆయన మీద. ఆ కోపంతోనే రెండు రోజుల్లో టీవీ అమ్మాయితో పన్నెండు పేజీలు గీసి పడేశాను. బొమ్మలు బాగా కుదిరాయి. దానికి ఇంకా ఒళ్లు మండింది.

అబ్బా చూసి, "మాషా అల్లా, మంచిగున్నయి" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన అబ్బా ఎట్లా అవుతాడు? "మరి ఆమెకేం జెప్తవ్ బేటా?" అని కూడా అడిగాడు.

ఆమె అంటే రేగుంట ఊళ్లో ఉండే రైతు జంగు వాళ్లమ్మ. అందరూ జంగు అవ్వ అంటారు. మూడేళ్ల కింద జొన్నచేలో మంచెక్కి చిలకలను తోలుతుంటే చూసి, ఆ చేతి విసురునీ ఆ నిలబడే తీరునీ ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించాను. ఆమెకు చదువు రాదు. అయినా పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకుని చుట్టాలకు చూపిస్తుంది. బస్సు కండక్టర్ కూడా "రా ఒడిసెలక్కా" అని కిటికీ పక్క సీటు ఇప్పిస్తాడు. ఆ మర్యాదను నా చేత్తో నేనే లాగేసుకోబోతున్నాను. ఆమె నాతో మాట మానేస్తే తట్టుకోవడం నా వల్ల కాదు. ఎవరో చెప్పేకంటే నేనే చెబుదామని మర్నాడు పొద్దున్నే రేగుంట బస్సెక్కాను.

జంగు అవ్వ మంచె మీదే ఉంది. "రా బిడ్డా, ఎక్కు" అంది. కొత్త పేజీలు చేతికిచ్చాను. కళ్లకు దూరంగా పట్టుకుని చూసింది.

"ఈ పిల్లనా? టీవీల జూసిన. సక్కగున్నది. గని బిడ్డా, గీ పిల్ల తాడు సుత ఇసిరేస్తుందేంది?"

చూసుకుంటే నిజమే. టీవీలో ఆ అమ్మాయి రాయితోపాటు ఒడిసెలనూ విసిరేస్తుంది. నేనూ అట్లాగే గీశాను. ఒడిసెలకు ఒక కొసన ఉంగరంలా ముడి ఉంటుంది. అది వేలికి తొడుక్కుని, రెండో కొసను మాత్రమే వదలాలి. తాడు చేతిలో ఉంటుంది, రాయి పోతుంది. రేగుంటలో చిన్నపిల్లకైనా తెలిసిన సంగతి.

"తాడు గూడ బోతే రెండో రాయి ఎట్ల గొడ్తది? చెప్పులిసుర్తదా?" అంటూ ఆమె మంచె ఊగేలా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఇక చెప్పక తప్పలేదు.

"అవ్వా, పుస్తకం మల్ల మొదటికెల్లి గీయాల్నట. ఇగ ఒడిసెలక్క అంటే ఈ పిల్లనే."

"మరి నేను? సచ్చిపోయిన్నా?"

"లేదవ్వా... అసలు పుట్టనే లేదు."

ఆమె మళ్లీ నవ్వింది గానీ ఈసారి మంచె ఊగలేదు. పేజీలు నా ఒళ్లో పెట్టి, చేనువైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

"ఈ పిల్లకు ఎవ్వలు నేర్పిండ్రు?" అని అడిగింది.

"ఎవ్వలు నేర్పలే. పిడుగు వడ్డది, శక్తి వచ్చింది."

"గందుకే గట్ల ఇసుర్తుంది" అంది, ఇదేదో పెద్ద జబ్బయినట్టు. "నాకు మా అత్త నేర్పింది. రెండు నెలలు తిట్లు దిన్న. ఏదీ, నీ చెయ్యియ్యి."

రేగుంటలో ఒకరి ఒడిసెల ఇంకొకరికి పనికిరాదు. నేర్పే మనిషే నేర్చుకునే వేలి కొలత చూసి ముడి వేస్తుంది. ఆమె గోగునార పేని నా వేలికి ముడి వేసింది. నేను వదిలిన మొదటి రాయి వెనక్కి పోయి ఆమె చెవి పక్క నుంచి దూసుకెళ్లింది. ఆమె తల వంచి, "చిలకలు ముంగటున్నయ్ బిడ్డా" అంది.

తిరుగు బస్సులో కథ తట్టింది. ఇంటికి రాగానే మళ్లీ గీసి హైదరాబాదుకు పంపాను. మొదటి పేజీ అచ్చం టీవీయే: పిడుగు, నీలం సూటు, తాడుతో సహా విసరడం. రెండో పేజీలో ఆ తాడు పోయి ఒక జొన్నచేలో పడుతుంది. మంచె మీది పెద్దామె దాన్ని పట్టుకుని, "ఏయ్ పిల్లా, రెండో రాయి ఎట్ల గొడ్తవే?" అని అరుస్తుంది. అక్కడి నుంచి పాఠం మొదలు.

పదో రోజు కృష్ణకాంత్ గారి ఫోను. "టీవీవాళ్లకు చూపించానమ్మా. తాడు సంగతి ప్రేక్షకులు కూడా ఎగతాళి చేస్తున్నారట. నేర్పే ఆవిడ ఉండనీ అన్నారు. కానీ ఒడిసెలక్క ఒక్కతే ఉండాలి. పెద్దావిడకు కొత్త పేరు పెట్టు. గంటలో ప్రెస్సుకు పోవాలి."

ఎగిరి గంతేసి పేర్లు రాయడం మొదలుపెట్టాను. మంచెవ్వ, జొన్నవ్వ, రాళ్లవ్వ. ఒక్కటీ ఆ ముఖానికి అతకలేదు. జంగుకు ఫోన్ చేస్తే తల్లికిచ్చాడు.

"అవ్వా, నువ్వు పుస్తకంల ఉంటున్నవ్! గని ఒడిసెలక్క అనద్దట. కొత్త పేరు వెట్టాలె. ఏం పేరు వెట్టుమంటవ్?"



"కొత్తదెందుకు బిడ్డా? నాకు పేరు లేదా?"

మూడేళ్లు. ఆమె నుదుటి మీద ముడతలెన్నో కళ్లు మూసుకుని గీయగలను. మొదట జంగు అవ్వ అన్నాను, తర్వాత ఒడిసెలక్క అన్నాను. పేరేమిటని ఒక్కనాడూ అడగలేదు. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుతో తల దించుకున్నాను.

"ఏం పేరవ్వా?" అన్నాను.

"సారక్క" అంది. మళ్లీ నవ్వుతూ, చేనంతా వినబడేలా, "సారక్క! మా అవ్వ వెట్టింది. జర పెద్దగ రాయి" అంది.

కళ్లు తుడుచుకుని, మంచె బొమ్మలో సగం ఆకాశం చెరిపేసి, ఆ చోటంతా నిండేలా ఆ పేరు రాశాను.