సంచి చప్పుడుకు వచ్చిన మొసలి

చెక్కబాట సగం కూడా నడవకముందే ఒడెట్‌కు మోకాళ్ళు మొరాయించాయి. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఫ్లోరిడా ఎండకు పార్కువాళ్ళిచ్చిన ఆకుపచ్చ చొక్కా వీపుకు అంటుకుపోయింది. వారానికో మధ్యాహ్నం ఈ చిత్తడి నేలంతా తిరిగి, కనబడిన పక్షుల్నీ జంతువుల్నీ రాసివ్వడం ఆమె ఇష్టపడి తలకెత్తుకున్న పని. అక్క చనిపోయింది; ఆమె భర్త వెండెల్ తోడు వస్తాడు.

"ఇంకెంత దూరం లాక్కెళ్తావే నన్ను?"

"నిన్నెవరు రమ్మన్నారు బావా? ఇంట్లో ఫ్యాను కింద పడుకోకపోయావా?"

"ఫ్యాను మాట్లాడదుగా. నువ్వయితే తిట్టనైనా తిడతావు."

తెల్ల కొంగలు పదకొండు, మొద్దు మీద తాబేళ్ళు నాలుగు అని రాసుకుంది. సైప్రస్ చెట్టు కొమ్మ మీద ఓ నల్లపక్షి తడిసిన రెక్కలు ఆరేసుకుంటోంది. అవతలి ఒడ్డున ఆడ మొసలి, ఎనిమిదడుగులది. మూడేళ్ళ కిందట అది పిల్లల్ని వీపు మీద మోసుకు తిరగడం ఒడెట్ చూసింది.

బెంచీ మీద కూలబడి, శాండ్‌విచ్ తిందామని సంచి విప్పింది. ప్లాస్టిక్ గరగరలాడింది. ఆ చప్పుడుకు మొసలి తల తిప్పింది. నీళ్ళలోకి జారి, తిన్నగా ఈదుకొచ్చి, వాళ్ళ కాళ్ళ కిందే ఆగి నోరు తెరిచింది.

మనిషి అలికిడికి తప్పుకోవలసిన జంతువు! ఎవరో మేపుతున్నారు. ఒడెట్ పక్కకు చూసింది. వెండెల్ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఏం పెడుతున్నావు బావా దీనికి?"

"మార్ష్‌మెల్లోలు, ఆ మెత్తటి చక్కెర మిఠాయిలు. రెండో మూడో. తెల్లగా తేలుతుంటే గుటుక్కుమని మింగేస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ అక్క పోయినప్పటి నుంచి. నువ్వు రాని రోజుల్లో."

"మేపొద్దని గేటు దగ్గర అంత బోర్డు పెట్టారు. కళ్ళు పోయాయా?"

"బుద్ధి పోయిందనుకో. ఎవరికీ చెప్పకు ఒడెట్. ఇక పెట్టను. అదే మరిచిపోతుంది."

మరవదని ఆమెకు తెలుసు. శనివారాలు పిల్లలు ఈ చెక్కల మీదే బోర్లా పడుకుని, తాబేళ్ళ కోసం చేతులు కిందికి వేలాడేస్తారు. చెబితే మొసళ్ళు పట్టేవాడు వస్తాడు. ఇంత పెద్దదాన్ని వేరేచోట వదలరు, చంపేస్తారు. అక్కను సాగనంపింది, భర్తను సాగనంపింది. దీన్ని కూడా తన నోటితోనే పంపాలా?

ఫోను తీసి పార్కు ఆఫీసుకు చేసింది.

"మనుషుల దగ్గరికి వస్తోందా?" అవతల ఆడగొంతు అడిగింది.

"వస్తోంది. మా కిందే ఉంది."

"ఎవరు మేపారో తెలుసా?"

ఒడెట్ బావ వైపు చూసింది. వెండెల్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"నేనేనమ్మా. పేరు రాసుకో."

మొసళ్ళు పట్టేవాడు వచ్చేదాకా అక్కడే ఉండి, ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దని చెప్పారు. ఒడెట్ కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. వెండెల్ మాత్రం బాట అంచున కమ్మీ పట్టుకుని, కాలితో చెక్కను దబదబా బాదాడు.

"పో! లోపలికి పోవే తల్లీ, పో!"

మొసలి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.