మంచు బొమ్మ కింది అంచు

గద్వాలలో ప్రశాంత్ కుట్టుమిషను తొమ్మిదింటికి మొదలయ్యేది. ఎండాకాలమైతే పది కాకముందే ఆ చిన్న గది నిండిపోయేది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చాక కూడా లేచేవారు కాదు. గోడ మీద అమెరికా మంచు బొమ్మ ఉండేది, దాని ముందు చల్లగా ఉండేది. పక్కింటావిడ పాలగిన్నె కూడా తెచ్చి దాని కిందే పెట్టుకునేది. కరెంటు బిల్లు రాని చల్లదనం ఎవరికి చేదు?

అసలు ఆ చల్లదనం ప్రశాంత్‌ది. అతనికి పుట్టుకతోనే చెమట పట్టదు. ఎండలో నాలుగడుగులు వేస్తే ఒళ్ళు కాలిపోతుంది. చల్లగా ఉంచడం తప్ప మందు లేదన్నారు డాక్టర్లు. ముప్పై వేసవులు ఆ బొమ్మ ముందే గడిపాడు. తాత యోసేపు వనపర్తిలో అమెరికా దొరల బంగ్లాలో వంట చేసేవాడు. దొరసాని దేశం పోతూ ఆ బొమ్మ ఇచ్చింది. రాయి మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన పాత లిథోగ్రాఫు అది. మంచు కప్పిన ఇల్లు, ముందు చక్రాల్లేని గుర్రపు బండి. కింద తెల్లటి అంచులో సన్నటి ఇంగ్లీషు అక్షరాలు: గీసినవాడు హాలోవే, అచ్చు తీసినవాడు క్రేన్. ప్రశాంత్‌కు ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది ఆ రెండు పేర్లతోనే. రంగులు మాత్రం ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేత్తో వేసేవారట, ఒకరు ఎరుపు, ఒకరు నీలం. వాళ్ళ పేర్లు లేవు.

శివరాత్రికి ముందు ఫ్రేముకు చెదలు పట్టాయి. తల్లి అంజమ్మ బొమ్మను బాలస్వామి కొట్టుకు తీసుకుపోయింది. బాలస్వామి నలభై ఏళ్ళుగా దేవుళ్ళకు అద్దాలు బిగిస్తున్నాడు. క్యాలెండరు బొమ్మ చేతికొస్తే ముందు కింద ఉన్న దుకాణం పేరు కత్తిరించేస్తాడు. వెంకన్న పాదాల కింద బట్టల కొట్టు ఫోన్ నంబరు ఎవరిక్కావాలి? ఈ బొమ్మకూ అదే చేశాడు. బొమ్మ ఇంటికొచ్చాక, పేర్లు ఫ్రేము కింద దాగాయనుకున్నాడు ప్రశాంత్.

మార్చిలో గోడ చెమ్మగిల్లింది. ఏప్రిల్‌కి బొమ్మలో ఇంటికప్పు బయటపడింది, బండి బురదలో దిగబడింది. మంచు కరిగి చుక్క చుక్కగా మిషను మీద పడుతుంటే ప్రశాంత్ తుడుచుకుంటూ కుట్టాడు. తర్వాత కారడానికి కూడా ఏమీ మిగల్లేదు. తడిగుడ్డలు చుట్టుకుని పడుకున్నాడు. అంజమ్మ ఫ్రేము విప్పి చూసి బాలస్వామి కొట్టుకు పరుగెత్తింది.

"ఏం జేసినవన్నా నా బొమ్మను? కింద పేర్లేవి?"

"గది దుకాణపోళ్ళ పేరనుకున్న చెల్లె. కోసిన."

"కోసి ఏడ వెట్టినవ్? జర యాది చేసుకో. నా కొడుకు బతకడు."

"తెల్వదు. చెత్తబండిల పోయింటది."

అది అబద్ధం. ఆ ముక్క ఎక్కడుందో బాలస్వామికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

కొట్టు వెనక గదిలో, పోయినేడు చనిపోయిన అతని భార్య సుమన ఫోటో ఉంది. నలుపు తెలుపు ఫోటోకు సుమనే కుంచెతో రంగులద్దుకుంది. పెదాలకు ఎరుపు, చీర అంచుకు ఆకుపచ్చ. ఒకప్పుడు ఊళ్ళో సగం పెళ్ళిఫోటోలకు ఆమే రంగులు వేసింది. బోర్డు మీద మాత్రం బాలస్వామి పేరొక్కటే ఉండేది. ఆ ఫోటో ఫ్రేము వదులైతే, చేతికందిన కాగితపు ముక్క వెనకాల దోపి బిగించాడు. ఆ రోజు వేసిన మల్లెదండ రెండు నెలలైనా వాడలేదు. మధ్యాహ్నాలు తలుపేసుకుని అద్దానికి చెంప ఆనిస్తే చల్లగా తగిలేది. ఆమె తనను క్షమించిందనుకున్నాడు. బతికుండగా ఒక్కసారైనా 'బాగా వేశావు' అననివాడు ఆ మాత్రం ఆశపడటం తప్పు కాదు. తప్పు అంజమ్మ వచ్చాక చేశాడు.

అంజమ్మ వెళ్ళిపోయాక కూడా అద్దానికి చెంప ఆనించాడు. ఆ చల్లదనం సుమనది కాదని తెలిసింది. అయినా లేవలేకపోయాడు.

మర్నాడు హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో అన్నారు. "టైలర్ ప్రశాంత్‌కు పొద్దుగాల నుంచి తెలివి లేదంట. ఈ ఎండల దవాఖానకు తోలుకపోతే తొవ్వలనే పోతడేమో."

బాలస్వామి చాయ్ వదిలేసి కొట్టుకు వచ్చాడు. ఫ్రేము వెనక మేకులు పీకి ముక్క లాగాడు. వేళ్ళు జివ్వుమన్నాయి. సుమన ముఖం వంక చూసే ధైర్యం లేకపోయింది. మైదా జిగురు గిన్నె పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

అంజమ్మ బొమ్మ దించి ఇచ్చింది. రెండు పేర్లనూ వాటి చోట అతికించి అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఇంటికప్పు మీద తెల్లటి చుక్క పడింది. ఇంకొకటి పడింది. అంజమ్మ బొమ్మను కొడుకు మంచానికి ఆనించింది. మధ్యాహ్నం రెండింటికి ప్రశాంత్ కళ్ళు తెరిచాడు.

"అమ్మా, దుప్పటి గప్పు. సలి పెడుతుంది."

బాలస్వామి గోడకానుకుని ఏడ్చాడు. దాచిందంతా చెప్పేశాడు. అంజమ్మ కొడుకు మీద దుప్పటి సర్దింది.

"వదిన ఫోటో తెచ్చి ఈ పక్కన పెట్టుకోరాదన్నా. సల్లగుంటది."

"వద్దు చెల్లె. గా సలువ ఆమెది గాదు."

సాయంత్రం కొట్టుకు వెళ్ళేసరికి సుమన ఫోటో దండ ఎండి నేల మీద రాలి ఉంది. ఊడ్చేశాడు. మూరెడు మల్లెలు కొనుక్కొచ్చి వేశాడు. పెన్సిలు చెక్కుకుని, ఫోటో కింద తెల్లటి అట్ట మీద 'రంగులు: సుమన' అని రాశాడు.

మల్లెలు తెల్లారేసరికి వాడిపోయాయి. బాలస్వామి చొక్కా వేసుకుని పూలకోసం బయలుదేరాడు.