రింగులా, పిస్టన్లా

“మా కారుకి మంచి బేరం తగలాలని ప్రార్థన చెయ్యండమ్మా” అని ఆదివారం స్త్రీల కూడికలో మా అత్తగారు సువర్ణమ్మ లేచి నిలబడి చెప్పారు. అందరితోపాటు నేనూ “ఆమేన్” అన్నాను. అలవాటు. నా మనసు అప్పుడు చర్చిలో లేదు, ఉప్పూకారం పట్టించి ఇంట్లో వదిలేసి వచ్చిన చేపల దగ్గర ఉంది. ఇంటికెళ్లి పులుసు పెట్టాలి, ఇంట్లోవాళ్లు భోజనాలు చేశాక గిన్నెలు తోమాలి, యూనిఫాం ఉతకాలి. అనేశాక గాని తట్టలేదు, ఆవిడ బేరానికి పెట్టింది నా కారని.

నా కారంటే నిజంగా నాదే. పాత ఫియట్. మా నాన్న జీవరాజు మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గర డ్రైవరు. ఆవిడ దేశం వదిలి వెళ్తూ ఆయనకిచ్చిన బండి. ఆసుపత్రి కాంపౌండులో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించాడు. కాళ్లందే వయసొచ్చాక క్లచ్చి నేర్పాడు, లైసెన్సు ఇప్పించాడు, పోయేముందు బండిని నా పేర మార్పించాడు. అప్పుడు మా ఆయన ప్రభుకుమార్ “నీ పేరునుంటే ఏటి, నా పేరునుంటే ఏటి, ఒకటే కదా” అన్నాడు. ఒకటే అయినప్పుడు నాకెందుకు తాళం ఇవ్వడని నేను అడగలేదు. ఆయన తోలేవాడు, పక్కన అత్తగారు కూర్చునేవారు, నేను వెనక సీట్లో క్యారేజీలూ సంచులూ పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంజను పొగ కక్కడం మొదలెట్టాక దాన్ని ఇంటి వెనక షెడ్డులో పెట్టేశారు. దానిమీద నేను పాత దుప్పట్లు ఆరేస్తూ వచ్చాను.

నేను నాతవరం ఆసుపత్రిలో నర్సుని. నర్సీపట్నం నుంచి షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన అరచెయ్యంత జాగాలో ఒక కాలు బయటపెట్టి వెళ్తాను. అతని మోచెయ్యి ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ బ్యాగు అడ్డం పెట్టుకుంటాను. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి ఆలస్యమవుతుంది. “సిస్టర్‌గారికి ఇప్పుడు తెల్లారిందా?” అని డాక్టరుగారు రోగుల ముందే అంటారు. బండి బాగు చేయించుకుని నేనే తోలుకుంటానని ఒకసారి ఇంట్లో అడిగాను. “ఎవరినైనా గుద్దేస్తే స్టేషన్ సుట్టూ తిరిగేది నేను” అన్నాడాయన. “మొగుడు పక్కన కూసుని పెళ్లాం తోల్తే సూసినోళ్లేటనుకుంటారు?” అన్నారు అత్తగారు. ఆ మాటకి నేను కూడా నవ్వాను, సిగ్గులేకుండా.

అందుకే ఆ కూడికకి ముందు వారం మా ఆయన బండిని మెకానిక్ షెడ్డుకి లాగించినప్పుడు సంబరపడ్డాను. బాగు చేయిస్తున్నాడనుకున్నాను. ఆ ఆదివారం పులుసు వడ్డిస్తూ, “అమ్ముతున్నట్టు నాకు చెప్పలేదేమండీ?” అన్నాను.

“సెప్పడానికేటుంది? మెకానిక్ మత్స్యరాజు పిస్టన్ల చుట్టూ రింగులు మార్చి ఇచ్చేస్తాడు. పొగ ఆగితే సాలు, తర్వాత కొన్నోడి కర్మ. నువ్వు సంతకం పెడితే అయిపోద్ది” అని ఇంకో ముక్క వేయించుకున్నాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ తుని రోడ్డులోనే ఆటో దిగిపోయి షెడ్డుకి వెళ్లాను. మత్స్యరాజు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

“సారు రాలేదేటి సిస్టరమ్మా?”

“నేనొచ్చాను. ఇంజను చూపించండి.”

గోనెసంచి మీద నాలుగు పిస్టన్లు మసితో నల్లగా పడి ఉన్నాయి. అతను నా వేలు సిలిండరులోకి పెట్టించాడు. పై అంచు దగ్గర గోరుకి మెట్టు తగిలింది. పిస్టన్ ఆడిన మేరా గోడ అరిగిపోయింది.

“సారు రింగులన్నారు. రింగులేస్తే కొన్నాళ్లు పొగ ఆగుద్ది, మళ్లీ మామూలే. నేదంటే బోరు, అంటే ఈ సిలిండరు గోడ, కోసి ఇంకాస్త పెద్ద పిస్టన్లెయ్యాల. మీ నాన్నగారు అలగ రెండుపాల్లు సేయించీసేరు. ఇంకోపాలి కోస్తే అదే ఆఖరు, ఆ తర్వాత కొయ్యడానికి గోడుండదు.”

“ఇంకో దారి లేదా?”

“ఉంది. లోపల స్లీవులని కొత్త గొట్టాలు దింపి, బండి పుట్టినప్పటి సైజు పిస్టన్లే ఎయ్యడం. మళ్లీ మొదట్నించీ అన్నమాట. విశాఖపట్నం పంపాల, ఆలీసమవుద్ది. ముందిది సెప్పండమ్మా. అమ్మీడానికా, ఉంచుకోడానికా? దాన్నిబట్టే పిస్టను.”

నేను ఆ మసి వేలు చూసుకుంటూ నిలబడ్డాను. అమ్మేసేదానికి రింగులు చాలు. చూసేవాళ్లకి పొగ కనపడకపోతే చాలు. మా ఇంట్లో నన్ను కూడా అలాగే నడిపించారు. జ్వరమొస్తే ఒక మాత్ర, ఏడిస్తే ఒక చీర, మళ్లీ వంటింట్లోకి. సరిపడని చోటల్లా నన్నే ఇంకాస్త కోసి సరిపెట్టారు, నేనూ ఓర్చుకుని ఓర్పని పేరు తెచ్చుకున్నాను. నాకు చాలా కోపం వచ్చింది. మా ఆయన మీదా, అత్తగారి మీదా వచ్చింది. వాళ్లన్న ప్రతి మాటకీ ఆమేన్ అన్న నా నోటిమీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

“ఉంచుకోడానికే. స్లీవులు దింపించండి. మొదటి సైజు పిస్టన్లే వెయ్యండి” అన్నాను.

“సారుతో ఓ మాట...”

“బండి నాది, మత్స్యరాజుగారూ. మాట కూడా నాదే.”

అతను రింగుల పొట్లం తీసి అలమారలో పెట్టేశాడు. “అయితే ఒకటమ్మా. కొత్త పిస్టన్లు బోరులో కుదురుకోవాల. మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఒక్కరి కాలే తొక్కాల. ఒకరు మెల్లగా, ఒకరు జోరుగా తొక్కితే ఇంజను పట్టీసి ఆగిపోతాది. సారే తోల్తారు కదా?”

దానికి జవాబు ముందుగా వినాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఇంట్లో సంగతి చెప్పగానే మా ఆయన కంచం తోసేశాడు. “నన్నడక్కుండానా?” అన్నాడు. “నాకు చెప్పకుండా మీరు ఇంజను విప్పించారు కదండీ, నేనూ అంతే” అన్నాను. అత్తగారు అందుకున్నారు. “సంఘం ముందర దేవుణ్ణి అడిగీసిన మాటది. ఎనక్కెలా తీస్తావేటి? అందరూ ఆమేనన్నారు. నువ్వూ అన్నావు.”

నిజమే, అన్నాను. ఆ వారమంతా గిన్నెలు తోముతూ, ఆటోలో బ్యాగు అడ్డం పెట్టుకుంటూ అదే మాట ఆలోచించాను.

మళ్లీ ఆదివారం. పాస్టరమ్మ జెన్నీగారు “ప్రార్థన విన్నపాలున్నాయా?” అని అడిగారు. అత్తగారు చెంగు సర్దుకునేలోపే నేను లేచాను.

“మా కారు అమ్మడం లేదండీ. కొత్త పిస్టన్లు వేయిస్తున్నాను. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒక్కరే తోలాలట. నాతవరం డ్యూటీకి రోజూ నేనే తోలతాను. నాకోసం ప్రార్థన చెయ్యండి.”

అందరూ కళ్లు మూసుకున్నారు. పాస్టరమ్మ పిస్టన్లన్న మాట దగ్గర కాస్త తడబడి, వాటికోసమూ, దారికోసమూ, తోలే నా చేతులకోసమూ, కాళ్లకోసమూ ప్రార్థించారు. చివర అందరూ “ఆమేన్” అన్నారు. నా పక్కనుంచి మా అత్తగారి గొంతు అందరికంటే ముందు వినిపించింది.

అలవాటు.